ఊరికే ఇచ్చేదానికి కూలేంది?

మా పేజీకి వచ్చే మెసేజీలు మూడు రకాలు. ధర అడిగేవి, సైజు అడిగేవి, ఊరికే అడిగేవి. మొదటి రెండింటికీ మా చెల్లి జవాబిస్తుంది. మూడో రకం నాకు తోసేస్తుంది. పద్దు పుస్తకం నా దగ్గర ఉంటుంది కాబట్టి. పైగా ‘కుదరదు’ అనే మాట నా నోట్లోంచి కాస్త తేలిగ్గా వస్తుందని ఆమె నమ్మకం.

ఊరికే కావాల్సినవాళ్లెవరూ ఊరికే ఇమ్మని అడగరు. ‘హాయ్ డియర్, మీ కలెక్షన్ చాలా బాగుంది, కొలాబ్ చేద్దామా?’ అంటారు. కింద ఫాలోయర్లు ఎంతమందో ఒక అంకె. ఆ కింద నచ్చిన కుర్తీల స్క్రీన్‌షాట్లు, తక్కువలో తక్కువ మూడు. దీన్ని బార్టర్ కొలాబ్ అంటారు. మేం బట్ట ఇవ్వాలి, వాళ్లు అది తొడుక్కుని రీల్ చేస్తారు. మామూలు నెలల్లో పది పన్నెండు వస్తాయి. దసరా మొదలుకొని సంక్రాంతి దాకా రోజుకొకటి ఉంటుంది. కొందరు మర్యాదగా అడుగుతారు, కొందరు ముందే అడ్రసు పంపించేస్తారు. ఒకామె అయితే మా కొరియర్ కవర్ రంగు తన పేజీ థీమ్‌కి నప్పదనీ, వేరే రంగు కవర్లో పంపమనీ చెప్పింది. మేం అప్పటికింకా ఒప్పుకోనేలేదు.

మేమంటే నేనూ, మా పిన్ని కూతురూ. నంద్యాలలో సంజీవనగర్ వైపు అద్దెకు తీసుకున్న రెండు గదులు. ఒకదాంట్లో తానులు, కటింగ్ బల్ల. ఇంకోదాంట్లో కొరియర్ కవర్లు, ఫొటోలు తీసుకోడానికి సున్నం వేయించిన ఒక తెల్ల గోడ. బ్రాండ్ పేరు ఇక్కడ రాయను, రాస్తే ఇది కూడా కొలాబే అవుతుంది. బట్ట మంగళగిరి నేత. నంద్యాలలో రైలెక్కి, నల్లమల సొరంగాలు దాటి, గుంటూరులో దిగి, అక్కణ్నుంచి పోయి తానులు తెచ్చుకుంటాం. మా ఊరు పత్తికి పేరున్నదే. నరసింహ రకం పత్తి ఇక్కడి వ్యవసాయ పరిశోధన స్థానం నుంచే వచ్చింది. అయినా మాకు కావాల్సిన నేత కోసం కొండలు దాటక తప్పదు. కటింగ్ చెల్లి చేస్తుంది. కుట్టుపని ఆళ్లగడ్డలో, పెద్దమ్మ దగ్గర.

పెద్దమ్మ మాకు చుట్టం కాదు. యాభై దాటిన ఆడమనిషిని మా వైపు ఇంకేమని పిలుస్తాం! ఆమె ఇంటి వసారాలో మూడు మిషన్లుంటాయి. రెండు మోటారువి, ఒకటి తొక్కుడుది. తొక్కుడు మిషన్ మీద ఇంకెవర్నీ కూర్చోనివ్వదు. మోటారు మిషన్ల మీద కోడలూ, పక్కింటి పాపా కూర్చుంటారు. కాజాలు మాత్రం మొత్తం పెద్దమ్మ చేత్తోనే వేస్తుంది. కటింగ్ అయిన బట్టలు మూటగట్టుకుని వారానికోసారి నేను బస్సులో పోతాను, శిరివెళ్ల మీదుగా. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం వచ్చాక నాకు ఛార్జీ లేదు. కండక్టర్ జీరో టికెట్ కొట్టి చేతిలో పెడతాడు. ఆ సున్నా ఖర్చు ప్రభుత్వం ఆర్టీసీకి కట్టాలని బస్సులో ఉన్న అందరికీ తెలుసు. తెలిసిన సున్నా అది.

కుర్తీ లెక్క కూడా చెప్తాను, దీని గురించి బయట ఎవరూ మాట్లాడరు కాబట్టి. మా దగ్గర ఎక్కువగా పోయే కుర్తీ ధర 1,590. రెండున్నర మీటర్ల బట్ట 650. లైనింగు, దారం, గుండీలు 110. కుట్టుకూలి 300. ఇస్త్రీ, ట్యాగు, కవరు 40. కొరియర్ 90. మొత్తం 1,190. మిగిలిన నాలుగొందల్లోంచి జీఎస్టీ పోవాలి. సైజు సరిపోలేదని వెనక్కొచ్చినవాటి రానుపోను ఖర్చు పోవాలి. మూడొందలు మిగిలితే బాగా మిగిలినట్టు. అద్దె, కరెంటు, మా ఇద్దరి జీతం, అన్నీ ఆ మూడొందల్లోనే. అంటే ఊరికే ఒక కుర్తీ ఇస్తే, ఆ ఖర్చు రాబట్టడానికి నాలుగు కుర్తీలు అమ్మాలి. పైగా ఉచితంగా ఇచ్చిన సరుకు మీద మనం ముందే కట్టిన పన్నును సర్దుబాటు చేసుకునే వీలు జీఎస్టీ చట్టం ఇవ్వదు. కానుకలకూ శాంపిళ్లకూ ఇన్‌పుట్ క్రెడిట్ లేదని సెక్షన్ 17(5)లో ఉంది. మా ఆడిటర్ మొదటిసారి ఈ మాట చెప్పినప్పుడు చెల్లి నమ్మలేదు.

అట్లాగని చెల్లి వాదన తీసిపారేసేది కాదు. ‘మనకు రోడ్డు మీద షాపు లేదు, బోర్డు లేదు. మనం ఉన్నామని బెంగళూరులో ఉండే ఆమెకు ఎట్లా తెలుస్తుందక్కా?’ అంటుంది. నిజమే. పెద్ద బ్రాండ్లు హోర్డింగు కొంటాయి, హీరోయిన్‌ని కొంటాయి. మాకు అందుబాటులో ఉన్న ప్రచారం ఇదొక్కటే. అందుకే మొదటి ఏడాది ఆరు కుర్తీలు పంపించాం. ఇద్దరు రీల్ చేశారు. ఒకామె స్టోరీ పెట్టింది, ఇరవై నాలుగు గంటల్లో అది పోయింది. మిగతా ముగ్గురి నుంచి ఏమీ రాలేదు. రెండుసార్లు గుర్తుచేస్తే ఒకామె మమ్మల్ని బ్లాక్ చేసింది. ఆ ఆరింటి వల్ల వచ్చాయని చెప్పగలిగిన ఆర్డర్లు నాలుగు. అదే ఏడాది హైదరాబాదులో ఒక స్కూలు టీచర్ తన డబ్బుతో కొనుక్కున్న కుర్తీ వేసుకుని స్టాఫ్‌రూమ్‌లో ఫొటో దిగి పెట్టింది. ఆ ఒక్క ఫొటోకి పంతొమ్మిది ఆర్డర్లు. చెల్లి దీన్ని లక్ అంటుంది. నేను ఆ టీచర్ సహోద్యోగులు అంటాను. వాళ్లు ఆ బట్టను దగ్గర్నుంచి చూశారు, ముట్టుకున్నారు, ఉతికాక ఎలా ఉందో అడిగారు.

ఊరికే తీసుకున్న బట్ట ఊరికే కాదని ప్రభుత్వానికి కూడా తెలుసు. 2022 జులై 1 నుంచి 194ఆర్ పేరుతో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం వ్యాపారంలో భాగంగా ఒకరికి ఏడాదిలో 20 వేల రూపాయలు దాటి కానుకలిస్తే పది శాతం టీడీఎస్ కట్టాలి. అప్పుడు పన్నుల బోర్డు ఇచ్చిన సర్క్యులర్లో సోషల్ మీడియా ఇన్‌ఫ్లుయెన్సర్ల ప్రస్తావన నేరుగా ఉంది. కారు, మొబైల్, కాస్మెటిక్స్‌తో పాటు దుస్తులన్న మాట కూడా ఉంది. వాడుకుని తిరిగిచ్చేస్తే అది కానుక కాదు, ఉంచేసుకుంటే కానుకే. ఇచ్చేది వ్యక్తులైతే వాళ్ల వ్యాపార టర్నోవరు కోటి దాటితేనే ఈ నిబంధన వర్తిస్తుంది కాబట్టి మాబోటి వాళ్ల జోలికి రాదు. కానీ ఆ ‘తిరిగిచ్చేస్తే’ అన్న మాట నా బుర్రలో ఉండిపోయింది. ఎందుకో తర్వాత చెప్తాను. ఇక డబ్బు తీసుకోకపోయినా, సరుకు ఉచితంగా అందినా సరే, అది ప్రకటన అని చూసేవాళ్లకు చెప్పి తీరాలని అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ 2021 జూన్ నుంచే అంటోంది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల శాఖ కూడా అదే చెప్పింది. మేం బట్ట పంపిన ఇద్దరి రీళ్లలో ఒక్కదాంట్లోనూ ఆ మాట లేదు. ‘నాకు దొరికిన కొత్త బ్రాండ్’ అని ఉంది. దొరికింది, నిజమే.

వేరే దేశాల్లో ఈ తగాదా బహిరంగంగానే జరిగింది. 2018లో డబ్లిన్‌లో ఒక హోటల్ యజమాని, ఉచితంగా గది అడిగిన యూట్యూబర్ ఉత్తరాన్ని అందరికీ చూపించి నలుగురిలో కడిగేశాడు. మరుసటేడు లాస్ ఏంజెలెస్‌లో ఒక ఐస్‌క్రీమ్ బండాయన ఇన్‌ఫ్లుయెన్సర్లకు రెట్టింపు ధర అని బోర్డు పెట్టాడు. ఇద్దరికీ ఆ తిరస్కారమే కావాల్సినంత ప్రచారం తెచ్చిపెట్టింది. చెల్లి ఆ బోర్డు ఫొటో చూపించి ‘మనమూ పెడదామా’ అంది. నంద్యాలలో ఎట్లా పెడతాం? ఇక్కడ అడిగేవాళ్లంతా ముక్కూమొహం తెలియనివాళ్లు కాదు. ‘మా బావమరిది కూతురు యూట్యూబ్‌లో ఉందమ్మా, మంచి పాప, నీ పేరు కూడా చెప్తుందిలే’ అని మా నాయన స్నేహితుడు ఫోన్ చేస్తే, ఆయనకు ఏ సర్క్యులర్ చదివి వినిపించాలి? డబ్లిన్ ఆయనకు ఆ యూట్యూబర్‌ని మళ్లీ పెళ్లిలో పక్క బంతిలో చూడాల్సిన పని లేదు.

నిజానికి ఊరికే చేసి తర్వాత అందుకోవడం మాకేం కొత్త సంగతి కాదు. మా జేజి కాలంలో రైకలు కుట్టే ఆయనకు కుట్టినప్పుడే డబ్బిచ్చే అలవాటు లేదట. చాకలికీ, మంగలికీ, కుమ్మరికీ ఇచ్చినట్టే ఆయనకూ కళ్లంలో గింజలు కొలిచేటప్పుడు మేర ఇచ్చేవాళ్లట. అదేదో గొప్ప ఏర్పాటని నేను చెప్పను. పెద్దిళ్ల పని ముందు చేసిపెట్టాలి, కొలతలో తక్కువేసినా నోరెత్తకూడదు. జేజి చెప్పేటప్పుడు ఆ భాగం కాస్త త్వరగా దాటేస్తుంది. కానీ అంత చెడ్డ ఏర్పాటులో కూడా కళ్లం అనేది ఒకటుంది, పంట రాగానే అందరూ వచ్చి నిలబడే చోటు. కొలత బొలత పడుతుందా లేదా అన్నది కళ్లముందే తేలిపోతుంది. ‘మీకు మంచి రీచ్ వస్తుంది డియర్’ అనే మాటకి కళ్లం ఎక్కడుందో మేం ఇప్పటిదాకా కనుక్కోలేదు.

ఆ ఆరు కుర్తీల సంగతి పెద్దమ్మ దగ్గర తేలింది.

ఆమె ఒక బౌండు పుస్తకంలో పీసు లెక్క రాసుకుంటుంది. తేదీ, ఎన్ని పీసులు, ఎంత. ఏడాది చివర్లో నా పుస్తకం, ఆమె పుస్తకం పక్కపక్కన పెట్టి చూస్తే పద్దెనిమిది వందలు తేడా వచ్చింది. నా దాంట్లో ఆమెకి ఇవ్వాల్సింది ఎక్కువుంది, ఆమె దాంట్లో తక్కువుంది. ఇట్లాంటి తేడా ఎప్పుడన్నా వస్తే అటువైపు వస్తుంది గానీ ఇటువైపు రాదు. వెనక్కి తిప్పుకుంటూ పోతే ఆరు చోట్ల, మూడు నెలల వ్యవధిలో, పీసు పక్కన ‘ఉత్తది’ అని రాసి సున్నా చుట్టి ఉంది.

“ఇదేంది పెద్దమ్మా?”

“అవి నువ్వు ఊరికే ఇస్తివి గద పాపా, ఆ ఫోన్ల పిల్లోళ్లకు.”

“మేం ఊరికే ఇచ్చినాం. నువ్వు కుడితివి కదా?”

“ఊరికే ఇచ్చేదానికి కూలేంది? నువ్వు సొమ్ము పోగొట్టుకోని ఇస్తాంటే నేను కూలి తీసుకుంటే బాగుంటాదా?”

చెల్లి ఏ కుర్తీ ఎవరికి పోతుందో మూటలో చీటీ రాసి పెడుతుంది, సైజులు కలిసిపోకుండా. ‘కొలాబ్’ అని ఉన్న చీటీలను కోడలు చదివి, అర్థం చెప్పిందట. ఉచితంగా ఇస్తున్నారంటే ఎవరో లేనివాళ్లకనో, పెండ్లి పిల్లకనో పెద్దమ్మ అనుకుంది. దానంలో తన చెయ్యి కూడా ఉండాలనుకుంది. ఆరు కుర్తీలకు చేత్తో వేసిన కాజాలు. ఒక్కో కుర్తీకి ఆరేసి.

“ఆ పాపలు తొడుక్కున్నారా? బాగుండారా?” అని అడిగింది.

నా ఫోన్లో రీల్ పెట్టి చూపించాను. పదిహేను సెకన్లు. పాట, కాఫీ కప్పు, కిటికీ వెలుగు, ఒకసారి గిర్రున తిరగడం. పెద్దమ్మ కళ్లద్దాలు తెచ్చుకుని మళ్లీ పెట్టించుకుంది. మూడోసారి కూడా.

“మొగం బాగుంది. కుట్టు యాడ కనపడ్తాంది?”

నేను పద్దెనిమిది వందలు లెక్కపెట్టి ఇచ్చాను. ఆమె వద్దంది. నేను మిషన్ మీద పెట్టాను. కోడలు మధ్యలోకి రాకుండా వంటింట్లోకి పోయింది. కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. తర్వాత పెద్దమ్మ ఆ ఆరుగురూ ఎవరెవరని ఒక్కొక్కరి గురించీ అడిగింది. తెలిసినంత చెప్పాను. ఒకామె హైదరాబాదులో ఉద్యోగం చేస్తుంది, ఒకామెకు సొంత కారుంది, ఒకామె పెళ్లి కుదిరిందనీ, హల్దీకి ముందురోజు వేసుకుంటాననీ రాసి తీసుకుంది. పెద్దమ్మ నోట్లలోంచి మూడొందలు తీసి నాకు వెనక్కిచ్చింది. “పెండ్లి పిల్లకు కుట్టినదానికి తీసుకోను. మిగతావి ఇయ్యి” అంది. ఆ పెళ్లి అమ్మాయి రీల్ చెయ్యనివాళ్లలో ఒకతి అని నేను చెప్పలేదు. చెప్పినా పెద్దమ్మ ఆ మూడొందలు తీసుకునేది కాదు.

ఆ రోజు నుంచి మా దగ్గర ‘ఊరికే’ అన్న పద్దు లేదు. ఎవరికైనా కుర్తీ పంపాలంటే ముందు నా పుస్తకంలో ప్రచారం కింద 1,190 రాయాలి, పెద్దమ్మ మూడొందలతో కలిపి. రాశాక కూడా పంపాలనిపిస్తే పంపొచ్చని చెల్లికి చెప్పాను. అట్లా రాసేటప్పుడు ఆమె చెయ్యి ఆగిపోవడం రెండుమూడుసార్లు చూశాను. 2 లక్షల 80 వేల మంది ఉన్న ఒకామెకు మొదటిసారి మేమే ‘కుదరదండీ’ అని రాశాం. ఆమె తన స్టోరీలో, పేరు చెప్పకుండా, చిన్న బ్రాండ్లకు మర్యాద తెలియదని పెట్టింది. ఆ వారం ఆర్డర్లు తగ్గాయి. ఆమె వల్ల తగ్గాయా, ఆషాఢం వల్ల తగ్గాయా అన్నదాని మీద మా ఇంట్లో ఇప్పటికీ రెండు పార్టీలున్నాయి.

తర్వాత కొన్నాళ్లకు ఒక మెసేజ్ వచ్చింది. ‘అక్కా, మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. నంద్యాలలో నర్సింగ్ చదువుతాండా. నాకు 4 వేల మందే ఉండారు. బట్ట ఊరికే వద్దక్కా, రెండు దినాలు ఇచ్చి మళ్లా తీసుకోండి.’ సర్క్యులర్లో నేను చదివిన ‘తిరిగిచ్చేస్తే’ ఆ పిల్ల తనంతట తనే కనిపెట్టింది.

ఆదివారం గదికి వచ్చింది. మనిషి సన్నగా ఉంది, మాటలు గట్టిగా ఉన్నాయి. సీమ యాసలో హాస్టల్ కూడు గురించీ, అహోబిలం మెట్ల మీద ఆయాసం గురించీ రీళ్లు చేస్తుంది. బడిలో ఉన్నప్పుడే టిక్‌టాక్‌లో పదకొండు వేల మంది ఉండేవాళ్లట. 2020 జూన్ 29న నిషేధం వచ్చింది, తెల్లారేసరికి అంతా పోయింది. పది రోజులు తిరక్కముందే ఇన్‌స్టాలో రీల్స్ వచ్చాయి, ఈమె మళ్లీ సున్నా నుంచి మొదలుపెట్టింది. ఒక్క రీల్‌కి మూడు గంటలు షూటింగు, రాత్రి హాస్టల్లో లైట్లు తీసేశాక దుప్పటి కింద ఎడిటింగు. ఇప్పటిదాకా వచ్చింది రెండు లిప్‌స్టిక్కులు, ఒక ఫోన్ కవరు, ‘డియర్, నెక్స్ట్ టైమ్ పేమెంట్ చూద్దాం’ అన్న మాట. వింటుంటే నాకు పెద్దమ్మ పుస్తకంలోని సున్నాలు గుర్తొచ్చాయి. ఇన్నాళ్లూ ఊరికే అడిగేవాళ్లు, మేము అని రెండు వైపులే ఉన్నాయనుకున్నాను. ఈ పిల్ల ఏ వైపో తేల్చడం నాకు కష్టమైంది. ఆమె పనికి ఐదొందలని నేనే చెప్పాను, పుస్తకంలో రాసి ఇచ్చాను. అది చాలా తక్కువని నాకు తెలుసు. ఆమెకూ తెలుసు. మా మూడొందల్లోంచి తియ్యగలిగింది అంతే.

రీల్ ఎక్కడ తియ్యాలన్నది ఆమే అడిగింది, ‘కుట్టేది యాడ?’ అని. మరుసటి వారం మూటతోపాటు ఆమె కూడా బస్సెక్కింది. ఆళ్లగడ్డలో దిగి నడుస్తుంటే శిల్పుల షెడ్ల ముందు సగం చెక్కిన నందులు, గరుత్మంతులు, తెల్లటి రాతిపొడి. ఇక్కడి శిల్పాలు ఎక్కడెక్కడి గుళ్లకో పోతాయి. ఆ విగ్రహాల ముందు నిలబడి రీళ్లు తీసుకునేవాళ్లు బోలెడుమంది ఉన్నారట గానీ, కొలాబ్ కింద ఒక నందిని ఇమ్మని ఎవరూ అడగలేదని అక్కడొకాయన నవ్వుతూ చెప్పాడు. మొయ్యలేరు కాబట్టి.

పెద్దమ్మ కెమెరా చూడగానే కొంగు మొహం మీదికి లాక్కుంది. “నా మొగమెందుకు పాపా, వద్దు” అంది. చివరికి చేతులకి మాత్రం ఒప్పుకుంది. రీల్లో సగం ఆ చేతులే ఉన్నాయి. సూది ఎక్కించడం, కాజా చుట్టూ దారం బిగించడం, పళ్లతో తెంపడం. తర్వాత ఆ కుర్తీ వేసుకుని అమ్మాయి వసారా మెట్ల మీద కూర్చుని దాని ధర ఎంతో, అందులో కుట్టుకూలి ఎంతో చెప్పింది. మొదట్లోనే ‘ఇది ప్రకటన, నాకు డబ్బులిచ్చినారు’ అని తెలుగులో రాసింది. చెల్లికి అది నచ్చలేదు, అట్లా రాస్తే ఎవరూ చూడరంది. రెండు వేల మూడొందల వ్యూస్ వచ్చాయి. అందులో సగం పెద్దమ్మ కోడలి ఫోన్ నుంచే అయ్యుంటాయి. ఆర్డర్లు ఐదు వచ్చాయి. అందులో రెండు కువైట్‌లో పని చేసుకుంటున్న ఆడవాళ్లవి, పంపాల్సింది మాత్రం ఇక్కడి ఇళ్లకే.

కుర్తీ రెండో రోజే తిరిగొచ్చింది, ఉతికి, ఇస్త్రీ చేసి. దాన్ని మేం అమ్మలేదు, శాంపిల్ కింద గోడకి తగిలించుకున్నాం.

సంక్రాంతికి ముందు ఆ అమ్మాయి మళ్లీ మెసేజ్ చేసింది. వాళ్లమ్మకు కావాలి, నీలం రంగు, ఎల్ సైజు. తగ్గిస్తారా అని అడిగింది. తగ్గించడం కుదరదని రాశాను. పూర్తి డబ్బు ఫోన్‌పే చేసింది. కొసరుగా కటింగ్‌లో మిగిలిన ముక్కలతో ఒక చేతిసంచి కుట్టించి కవర్లో వేశాం. పెద్దమ్మ పుస్తకంలో కుర్తీ కింద వేరే వరుసలో సంచి అని రాసుకుంది, ఎదురుగా ఇరవై రూపాయలు.